పదమూడు నిమిషాల పాట, ఏడాదంతా రగడ

2025 సెప్టెంబర్ 28న అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఒక గాయకుడి పేరు ప్రకటించింది. 2026 ఫిబ్రవరి 8న శాంటా క్లారాలోని లీవైస్ స్టేడియంలో జరిగే లీగ్ ఫైనల్ మ్యాచ్ సూపర్ బౌల్ విరామంలో ప్యూర్టో రికో గాయకుడు బ్యాడ్ బన్నీ పాడతాడని చెప్పింది. రెండు వారాలు తిరక్కముందే ఇది దేశ రాజకీయ చర్చ అయిపోయింది. అతనెవరో తానెప్పుడూ వినలేదని, ఈ ఎంపికకు అర్థం లేదని అధ్యక్షుడు ట్రంప్ అన్నారు. స్టేడియం దగ్గర ఇమిగ్రేషన్ అధికారులు నిండా ఉంటారని అప్పటి హోంలాండ్ సెక్యూరిటీ మంత్రి క్రిస్టీ నోమ్ చెప్పారు. అతన్ని తీసేసి కంట్రీ గాయకుడు జార్జ్ స్ట్రెయిట్‌ను పెట్టమన్న ఆన్‌లైన్ పిటిషన్‌కు లక్షకు పైగా సంతకాలు వచ్చాయి. కాలేజీ కుర్రకారులో కన్సర్వేటివ్ రాజకీయం నడిపే టర్నింగ్ పాయింట్ యూఎస్‌ఏ అక్టోబర్ 9న, అదే సమయానికి తామే వేరే షో పెడతామని ప్రకటించింది. ఆ సంస్థను స్థాపించిన చార్లీ కర్క్ హత్య జరిగి అప్పటికి నెల కూడా కాలేదు.

బయటినుంచి చూసేవాళ్లు దీన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తారు: ఛాందసులకు పాప్ పాట గిట్టదు, అందుకే ఈ గోల అని. నిజానికి ఇందులో మూడు వేరువేరు తగాదాలు పెనవేసుకుపోయి ఉన్నాయి. ఒకటి అశ్లీలత మీద, రెండోది జాతీయ గీతం, జెండాల మీద, మూడోది అమెరికా అంటే ఎవరన్న దాని మీద. ఒక్కోదానికి ఒక్కో చరిత్ర ఉంది. అంతకంటే ముఖ్యంగా, ఒక్కోదానికి కన్సర్వేటివ్‌లు పట్టుకున్న ఆయుధం వేరు. ఎవరు ఏం తిట్టారన్నది పక్కనపెట్టి ఎవరిని ఏం చేయమని అడుగుతున్నారో చూస్తే చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

బ్యాండు మేళం నుంచి మైకేల్ జాక్సన్ దాకా

1967 జనవరిలో జరిగిన మొదటి సూపర్ బౌల్ విరామంలో యూనివర్సిటీ బ్యాండ్లు కవాతు చేశాయి. పాతికేళ్లపాటు దాదాపు అదే తంతు. 1992లో ఫాక్స్ చానల్ దీన్ని పసిగట్టింది. సూపర్ బౌల్ వేరే చానల్లో వస్తుండగా, విరామం సమయానికి తన కామెడీ షో ఒకదాన్ని లైవ్‌గా వేసింది. తెర మూలన రెండో సగానికి ఇంకెంతసేపుందో చూపించే గడియారం కూడా పెట్టింది, జనం ఆట మిస్సవుతామన్న భయం లేకుండా చూసేలా. కోట్లలో ప్రేక్షకులు అటు జారిపోయారు. ఎన్‌ఎఫ్‌ఎల్ ఆ దెబ్బకు కళ్లు తెరిచి 1993లో మైకేల్ జాక్సన్‌ను తెచ్చింది. అంటే విరామంలో పోటీ షో పెట్టి జనాన్ని లాగడం అనే ఎత్తుగడ రాజకీయంలో పుట్టలేదు, టీవీ వ్యాపారంలో పుట్టింది.

వేదిక ఎలా నడుస్తుందో కూడా కొంచెం తెలియాలి. మామూలు మ్యాచ్‌లో విరామం 13 నిమిషాలు. సూపర్ బౌల్‌లో అది దాదాపు అరగంట. అందులో పాటకు దక్కేది పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు, మిగతాదంతా వేదిక బిగించి, ఊడదీసి, గడ్డి చెడకుండా బయటికి తోలుకెళ్లడానికే. సహజమైన గడ్డి ఉన్న మైదానమైతే చక్రాల బండ్లు ఎన్ని దిగొచ్చో దానికీ లెక్కే. 2026లో గడ్డి దుబ్బుల వేషం వేసుకున్న మనుషులనే సెట్‌గా నిలబెట్టడానికి కారణం ఇదే. పాడేవారికి ఎన్‌ఎఫ్‌ఎల్ పారితోషికం ఇవ్వదు, నిర్మాణ ఖర్చు మాత్రం భరిస్తుంది. 2019 ఆగస్టు నుంచి కళాకారుల ఎంపికలో రాపర్ జే-జీ కంపెనీ రాక్ నేషన్ లీగ్‌కు భాగస్వామి. కన్సర్వేటివ్ వ్యాఖ్యాతలు షోను తిట్టేటప్పుడు ఈ ఒప్పందాన్ని తప్పకుండా ఎత్తుతారు. అది, జాతీయ గీతం వేళ మోకరిల్లిన ఆటగాడు కేపర్నిక్ గొడవ (దాని సంగతి కింద) తర్వాత వచ్చిన ఒప్పందం కాబట్టి ఎంపికలో రాజకీయం ఉందన్న వాళ్ల అనుమానానికి కొంత ఆధారం ఉంది.

2004: ప్రభుత్వమే శిక్షించాలి

2004 ఫిబ్రవరి 1న హ్యూస్టన్‌లో విరామ షోలో గాయకుడు జస్టిన్ టింబర్లేక్ చేతితో గాయని జానెట్ జాక్సన్ దుస్తుల ముక్క ఊడి ఛాతీ బయటపడింది. తెరమీద ఆ దృశ్యం ఉన్నది సెకనులో పదహారో వంతులు తొమ్మిది. అమెరికాలో టీవీ, రేడియో లైసెన్సులిచ్చే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, అంటే ఎఫ్‌సీసీకి, 5.4 లక్షలకు పైగా ఫిర్యాదులు వెళ్లాయి. పేరెంట్స్ టెలివిజన్ కౌన్సిల్ లాంటి సంస్థలు ఒకే నమూనా ఫిర్యాదు తయారుచేసి సభ్యుల చేత పంపించాయి. ఆ అంకెను చదివేటప్పుడు అది మనసులో పెట్టుకోవాలి.

జరిమానా పడిన తీరు చాలామందికి తెలియదు. ఎఫ్‌సీసీ చెయ్యి ఎన్‌ఎఫ్‌ఎల్‌ను గానీ, గాయకులను గానీ అందుకోలేదు. గాలిలో ప్రసారం చేసే స్టేషన్ల లైసెన్సు ఎవరి పేర ఉందో వాళ్లనే అది పట్టుకోగలదు. అందుకే ఆ మ్యాచ్ ప్రసారం చేసిన సీబీఎస్ సొంత స్టేషన్లు 20, ఒక్కోదానికి అప్పటి గరిష్ఠ మొత్తం 27,500 డాలర్లు, కలిపి 5,50,000 డాలర్లు. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా పిల్లలు చూసే వేళ గనుక అశ్లీల ప్రసారం కుదరదన్నది నిబంధన. కేబుల్‌కు, యూట్యూబ్‌కు ఇది వర్తించదు. పార్లమెంటు సభ్యులు ఊరుకోలేదు, 2006లో గరిష్ఠ జరిమానాను 3,25,000 డాలర్లకు పెంచుతూ చట్టం వచ్చింది.

కేసు మాత్రం నిలవలేదు. క్షణికంగా కనిపించే దృశ్యాలను అంతకుముందు వదిలేస్తూ వచ్చిన ఎఫ్‌సీసీ, ముందస్తు హెచ్చరిక లేకుండా విధానం మార్చేసిందని థర్డ్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2008లో జరిమానా కొట్టేసింది. సుప్రీంకోర్టు మళ్లీ చూడమంటే 2011లో మళ్లీ అదే తీర్పు. 2012లో సుప్రీంకోర్టు ఇక వినబోమంది. ఎనిమిదేళ్ల పోరాటం తర్వాత కన్సర్వేటివ్‌లకు కోర్టులో మిగిలింది సున్నా.

అయినా వాళ్లు ఓడిపోయారనలేం. 2005 నుంచి 2010 దాకా ఆ వేదికెక్కినవాళ్లు పాల్ మెకార్ట్నీ, రోలింగ్ స్టోన్స్, ప్రిన్స్, టామ్ పెటీ, బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, ద హూ. ఒక్కరూ కొత్త తరం వాళ్లు కాదు. కోర్టు ఇవ్వనిది భయం ఇచ్చింది. లైవ్ కార్యక్రమాలను కొన్ని సెకన్లు ఆలస్యంగా ప్రసారం చేసి, మధ్యలో ఏదైనా జరిగితే మసకబరిచే ఏర్పాటు మామూలైపోయింది. అదీ మనిషి బటన్ నొక్కే వేగం మీదే ఆధారపడింది మరి. 2012లో మడోనా పక్కన పాడుతూ రాపర్ ఎం.ఐ.ఏ. మధ్యవేలు చూపిస్తే, ఎన్‌బీసీలో మసక పడేసరికి ఆ వేలు దించేసింది కూడా.

ఇప్పుడు ఈ ఆయుధం మొద్దుబారింది. 2020లో షకీరా, జెన్నిఫర్ లోపెజ్‌ల నృత్యం మీద ఎఫ్‌సీసీకి వచ్చిన ఫిర్యాదులు పదమూడు వందల చిల్లర, చర్య ఏమీ లేదు. బ్యాడ్ బన్నీ పాటల్లో బూతులున్నాయని 2026లో కొందరు రిపబ్లికన్ సభ్యులు మళ్లీ ఎఫ్‌సీసీ తలుపు తట్టారు. పాత అలవాటు.

జెండా ఎవరి ఖర్చుతో ఎగిరింది

రెండో తగాదా 2016 ఆగస్టులో మొదలైంది. నల్లజాతీయుల మీద పోలీసుల హింసకు నిరసనగా శాన్ ఫ్రాన్సిస్కో జట్టు క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపే ఆటగాడు) కాలిన్ కేపర్నిక్ జాతీయ గీతం వేళ కూర్చుండిపోయాడు. మాజీ సైనికుడు నేట్ బోయర్ సలహా మీద, సైన్యాన్ని అవమానించినట్లు ఉండకూడదని, సెప్టెంబర్ 1 నుంచి మోకాలి మీద వంగడం మొదలుపెట్టాడు. మర్యాదకని మార్చిన ఆ భంగిమే తర్వాత దేశద్రోహానికి గుర్తయి కూర్చుంది. 2017 సెప్టెంబర్ 22న అలబామాలోని హంట్స్‌విల్ సభలో ట్రంప్ అలాంటి ఆటగాళ్లను యజమానులు పీకెయ్యాలని బూతుతో సహా అన్నారు. అక్టోబర్ 8న ఉపాధ్యక్షుడు పెన్స్ ఇండియానాపొలిస్ మ్యాచ్‌కు వచ్చి, ఆటగాళ్లు వంగగానే లేచి వెళ్లిపోయారు.

ఇక్కడ కన్సర్వేటివ్ వాదానికి గట్టి పునాది ఉంది: టికెట్ కొన్నవాడు ఆట చూడ్డానికి వచ్చాడు, యజమాని మైదానంలో రాజకీయం చేసే హక్కును అమెరికా రాజ్యాంగం ఉద్యోగికి ఇవ్వలేదు. వాక్‌స్వాతంత్ర్య సవరణ కట్టడి చేసేది ప్రభుత్వాన్నే, ప్రైవేటు యజమానిని కాదు. అదంతా సరైనదే. కానీ పీకెయ్యమని ఒత్తిడి చేసేది స్వయంగా అధ్యక్షుడైతే, ఆ సవరణ ఏ చేతిని అడ్డుకోడానికి పుట్టిందో ఆ చెయ్యే రంగంలోకి దిగినట్లు. ఈ చిక్కును అప్పట్లో బయటికి ఒప్పుకున్న కన్సర్వేటివ్ వ్యాఖ్యాతలు తక్కువ.

ఆట, దేశభక్తి ముందు నుంచీ విడదీయరాని జంట అన్న మాట కూడా సగమే నిజం. రాత్రి ప్రధాన మ్యాచ్‌ల్లో ఆటగాళ్లు గీతం కోసం మైదానంలో వరుసగా నిలబడే పద్ధతి స్థిరపడింది 2009లో. అంతకుముందు చాలాసార్లు డ్రెస్సింగ్ రూమ్‌లోనే ఉండేవారు. 2015లో ఇద్దరు రిపబ్లికన్ సెనేటర్లు, జాన్ మెకెయిన్, జెఫ్ ఫ్లేక్, ఒక నివేదిక తెచ్చారు. సైనికులకు సన్మానాలు, పెద్ద జెండాలు పరచడం లాంటి వాటికి కూడా రక్షణ శాఖే క్రీడా జట్లకు డబ్బు కట్టిందని, 2012 నుంచి అలాంటి ఒప్పందాల మీద 68 లక్షల డాలర్లు ఖర్చయిందని తేల్చారు. ప్రేక్షకులు అది జట్టు మనసులోంచి వచ్చిందనుకుని చప్పట్లు కొట్టారు. 2016లో ఎన్‌ఎఫ్‌ఎల్ తన లెక్కలు తాను చూసుకుని 7,23,734 డాలర్లు వెనక్కిచ్చింది. ఈ నివేదికను తవ్వి తీసింది వామపక్షం కాదని గుర్తుంచుకుంటే, కన్సర్వేటివ్ అన్న ఒక్క ముద్ర కింద ఎన్ని రకాల వాళ్లున్నారో అర్థమవుతుంది.

ట్రంప్‌కు ఎన్‌ఎఫ్‌ఎల్‌తో పాత బాకీ కూడా ఉంది. 1980లలో పోటీ లీగ్ యూఎస్‌ఎఫ్‌ఎల్‌లో న్యూజెర్సీ జనరల్స్ జట్టు ఆయనదే. ఆ లీగ్ వేసిన దావాలో 1986లో జ్యూరీ ఎన్‌ఎఫ్‌ఎల్‌ది గుత్తాధిపత్యమేనని ఒప్పుకుంటూనే ఒక్క డాలరు నష్టపరిహారం ఇప్పించింది. చట్టం ప్రకారం మూడింతలు చేస్తే మూడు డాలర్లు. 2014లో బఫలో బిల్స్ జట్టును కొనబోయారు, దక్కలేదు. ప్రతి మాటకూ ఇదే కారణమనడం తేలిక వ్యాఖ్యానమే అవుతుంది గానీ, పూర్తిగా మరిచిపోవడమూ తెలివికాదు.

మైకు ఒక్కటే, ఆట వేరు

క్రీడా వ్యాఖ్యానం, రాజకీయ వ్యాఖ్యానం ఒకే నోట్లోంచి రావడం కొత్తేమీ కాదు. రెండు వైపుల వాదనా వినిపించాలన్న రేడియో నిబంధనను 1987లో ఎత్తేశారు. మరుసటి ఏడాది కన్సర్వేటివ్ రేడియో వ్యాఖ్యాత రష్ లింబా దేశమంతటికీ గొంతయ్యాడు. ఆయన్ను 2003లో క్రీడా చానల్ ఈఎస్‌పీఎన్ తన ఫుట్‌బాల్ కార్యక్రమంలో కూర్చోబెట్టింది. నల్ల క్వార్టర్‌బ్యాక్ డొనోవాన్ మెక్‌నాబ్‌ను మీడియా అతిగా పొగుడుతోందన్న ఒక్క మాటతో నెల దాటకుండానే బయటికి రావాల్సి వచ్చింది. మర్డాక్ ఫాక్స్ 1993లో నాలుగేళ్లకు 158 కోట్ల డాలర్లు పోసి ఎన్‌ఎఫ్‌ఎల్ హక్కులు కొని, ఆ బలంతో దేశవ్యాప్త నెట్‌వర్క్‌గా నిలబడ్డాకే 1996లో ఫాక్స్ న్యూస్ పెట్టింది. లింబా చనిపోయాక 2021లో ఆయన సమయంలో రేడియోకెక్కిన ఇద్దరిలో ఒకరు క్లే ట్రావిస్, క్రీడల సైట్ ఔట్‌కిక్ స్థాపకుడు. ఆ సైట్‌నూ అదే ఏడాది ఫాక్స్ కొనేసింది.

కాబట్టి ఫాక్స్ న్యూస్‌లో రాత్రి హాఫ్‌టైమ్ షోను చీల్చి చెండాడే చర్చ, ఫాక్స్ స్పోర్ట్స్‌లో అదే లీగ్ మ్యాచ్ ప్రసారం ఒకే యజమాని రెండు గల్లాపెట్టెలు. 2025లో రాపర్ కెండ్రిక్ లమార్ పాడిన సూపర్ బౌల్ ఫాక్స్‌లోనే వచ్చింది.

కొనడం మానేస్తే

మూడో తగాదాకు వచ్చేముందు ఒక బీరు సంగతి. 2023 ఏప్రిల్ 1న ట్రాన్స్‌జెండర్ ఇన్‌ఫ్లుయెన్సర్ డిలన్ మల్వేనీ బడ్ లైట్ ప్రచార వీడియో పెట్టింది. గాయకుడు కిడ్ రాక్ ఆ డబ్బాలను తుపాకీతో పేల్చాడు, కన్సర్వేటివ్‌లు బడ్ లైట్ కొనడం మానేశారు. అమ్మకాల్లో మొదటి స్థానం మే నాటికి మోడెలోకి పోయింది. మోడెలో మెక్సికో బీరు కావడం ఇందులో చేదు చమత్కారం.

ఈ బహిష్కరణ పనిచేసినట్లు ఎన్‌ఎఫ్‌ఎల్ మీద ఎందుకు పనిచేయదు? బడ్ లైట్ పక్కనే అదే ధరకు, దాదాపు అదే రుచిలో ఇంకో డబ్బా ఉంది. తాగేవాడు చెయ్యి ఒక అడుగు పక్కకు జరిపితే చాలు. ఎన్‌ఎఫ్‌ఎల్‌కు పక్కన డబ్బా లేదు. లీగ్ ఆదాయంలో సింహభాగం టీవీ కంపెనీలతో 2021లో చేసుకున్న దీర్ఘకాలిక ఒప్పందాలది. పదకొండేళ్లకు దాదాపు 11 వేల కోట్ల డాలర్లు ముందే ఖాయం. ఒక ఆదివారం కొందరు టీవీ కట్టేస్తే ఆ చెక్కులు ఆగవు. ఎన్‌ఎఫ్‌ఎల్‌ను నిజంగా భయపెట్టగలిగేది ఇంకోటుంది: జట్లన్నీ కలిసి టీవీ హక్కులు అమ్ముకోవడానికి గుత్తాధిపత్య చట్టం నుంచి 1961లో వచ్చిన మినహాయింపు. అది పార్లమెంటు చేతిలో ఉంది. వ్యాఖ్యాతల్లో ఎవరైనా ఆ చట్టం పేరెత్తితే ఆ రోజు చెవి ఒగ్గి వినాలి, మిగతాదంతా చాలావరకు ఆవేశమే.

బడ్ లైట్ మాత్రం పాఠం నేర్చుకుంది. కుస్తీ, బాక్సింగ్ కలగలిసిన పోటీలు నడిపే యూఎఫ్‌సీకి 2024 నుంచి అధికారిక బీరు అదే. ట్రంప్ తరచూ వెళ్లేదీ, చేతులెత్తి జనం నీరాజనాలు పట్టేదీ ఆ పోటీల్లోనే.

అమెరికా అంటే ఎంతవరకు

బ్యాడ్ బన్నీ మీద వచ్చిన అభ్యంతరాల్లో బూతు, వేషం, ఇమిగ్రేషన్ అధికారులపై అతని విమర్శ అన్నీ ఉన్నాయి. కానీ నడిమధ్య ఉన్నది భాష. అతను విదేశీయుడు కాడు. 1917 చట్టంతో ప్యూర్టో రికో వాసులు అమెరికా పౌరులయ్యారు. పౌరుడే, కానీ పాడేది స్పానిష్‌లో. 2025 మార్చి 1న ట్రంప్ ఆదేశంతో ఇంగ్లిష్ దేశ అధికార భాష అయింది. దేశంలో అందరూ కలిసి చూసే చివరి కార్యక్రమం ఇదొక్కటే మిగిలింది, అదైనా అందరికీ అర్థమయ్యే భాషలో ఉండాలి కదా అన్నది కన్సర్వేటివ్ వాదనలో కాస్త బరువున్న రూపం. తిట్లు తీసేస్తే మిగిలేది ఇదే. దీనికి జవాబు చెప్పకుండా వాళ్లందరినీ జాత్యహంకారులనడం బద్ధకం.

ఆ ఆదేశం మనవాళ్లకూ తగులుతుంది. ఇంగ్లిష్ అంతగా రానివారికి వాళ్ల భాషలో సాయం చేయాలని ఫెడరల్ ఆఫీసులను కట్టడి చేసిన 2000 నాటి ఆదేశాన్ని ఇది రద్దుచేసింది. ఆఫీసులు సాయం ఆపెయ్యాలని లేదు, ఇవ్వాలన్న బలవంతం పోయింది. కొడుకు దగ్గర ఉందామని వెళ్లి గ్రీన్‌కార్డు తీసుకున్న తల్లిదండ్రులకు ఆ తేడా కౌంటర్ దగ్గర తెలుస్తుంది.

షోలో బ్యాడ్ బన్నీ చివర ఇంగ్లిష్‌లో అన్న మాట "గాడ్ బ్లెస్ అమెరికా". ఆ వెంటనే దక్షిణ, మధ్య, ఉత్తర అమెరికా దేశాల పేర్లు ఒక్కొక్కటే చదివాడు. తగాదా మొత్తం ఆ ఒక్క పదంలో ఉంది: అమెరికా ఒక దేశమా, రెండు ఖండాలా? అతను పాడేది ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాదని, షో ఘోరమని ట్రంప్ అన్నారు.

టర్నింగ్ పాయింట్ వేదిక మీద కిడ్ రాక్, బ్రాంట్లీ గిల్బర్ట్, లీ బ్రైస్, గ్యాబీ బారెట్ పాడారు. యూట్యూబ్‌లో ఒక దశలో ఒకేసారి 50 లక్షల మందికి పైగా చూశారు. బ్యాడ్ బన్నీకి టీవీలో దాదాపు 12.8 కోట్లు. రెండు శిబిరాలూ తమదే గెలుపన్నాయి, అయితే ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టకూడదు. యూట్యూబ్‌ది ఒక క్షణంలో శిఖరం, ఎన్ని స్క్రీన్లు తెరిచి ఉన్నాయో లెక్క. టీవీ ప్రేక్షకులను లెక్కించే నీల్సన్ కంపెనీది నిమిషానికి సగటున ఎందరు మనుషులన్న అంచనా. పైగా బార్లు, పార్టీల్లో చూసేవాళ్లను దేశమంతటా లెక్కలోకి తేవడం 2025 నుంచే. అందుకే ఆ ఏడాది కెండ్రిక్ 13.35 కోట్లతో, 1993 నాటి మైకేల్ జాక్సన్ 13.34 కోట్లను దాటాడన్న రికార్డును కూడా చిటికెడు ఉప్పు చల్లి తీసుకోవాలి. అప్పటి జనాభా ఇప్పటికంటే ఎనిమిది కోట్లు తక్కువ.

అన్ని ఆయుధాల్లో పోటీ షోయే నిజాయతీ అయినది. ఎవరి నోరూ నొక్కలేదు, లైసెన్సు బెదిరింపు లేదు, సొంత పాట పాడుకున్నారు. కానీ 1992 ఫాక్స్ లాగా ఎదుటివాడి షో చప్పగా ఉన్నందుకు వచ్చిన జనం కారు వీళ్లు, ఇష్టంతో కాక పట్టుదలతో వచ్చినవాళ్లు. వాళ్లు ఏటా వస్తారా అన్నదే ప్రశ్న.

సొంత పాట అంటే ఏది అన్న దగ్గర కూడా వాళ్లలో ఏకాభిప్రాయం లేదు. 2024 జనవరిలో పాప్ గాయని టేలర్ స్విఫ్ట్, చీఫ్స్ జట్టు ఆటగాడు ట్రావిస్ కెల్సీ జంట, ఆ జట్టు గెలుపు అంతా బైడెన్ కోసం ఆడుతున్న నాటకమన్న ప్రచారానికి రిపబ్లికన్ నేత వివేక్ రామస్వామి లాంటివాళ్లు ఊతమిచ్చారు. ఆ ఏడాది డిసెంబర్‌లో హెచ్-1బీ రగడలో అదే రామస్వామి, గణితం ఒలింపియాడ్ విజేతను కాదని ప్రామ్ (హైస్కూల్ డ్యాన్స్ వేడుక) రాణిని, క్లాసు ఫస్టును కాదని ఆటగాడిని నెత్తికెత్తుకునే సంస్కృతే అమెరికాను వెనక్కి లాగుతోందని రాశారు. ఈసారి కన్సర్వేటివ్‌లలోనే చాలామంది ఆయన మీద పడ్డారు. ఫుట్‌బాల్, ప్రామ్ రాత్రి, శుక్రవారం హైస్కూల్ మ్యాచ్ వాళ్లకు వెనకబాటు కాదు, కాపాడుకోవాల్సిన ఇల్లు. హెచ్-1బీ వీసాల్లో ఎక్కువ భాగం భారతీయులవి, అందులో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు గనుక ఆ వారం తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఆ ట్వీట్ తిరగని చోటు లేదు.

ఇక ఎన్‌ఎఫ్‌ఎల్. బ్యాడ్ బన్నీని మార్చే ఆలోచన లేదని కమిషనర్ రోజర్ గుడెల్ 2025 అక్టోబర్‌లోనే చెప్పేశారు. 2025లో సావో పాలో, మాడ్రిడ్‌లలో మ్యాచ్‌లు పెట్టిన లీగ్‌కు స్పానిష్, పోర్చుగీస్ మాట్లాడేవాళ్లు రేపటి టికెట్లు. అదే లీగ్ 2027 డ్రాఫ్ట్‌ను (జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) వాషింగ్టన్ నేషనల్ మాల్‌లో జరుపుతోంది. ఆ సంగతి 2025 మేలో వైట్‌హౌస్‌లో ట్రంప్ పక్కన నిలబడి ప్రకటించింది కూడా గుడెలే.